పదునారు కిటికీలు, ఒక్క తెర

మౌలాలి హౌసింగు బోర్డు కాలనీనుండి బయలుదేరి, లాలాపేట మీదుగా తార్నాక కూడలికి వచ్చి, అచ్చటినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడల బాట పట్టి ఆర్ట్సు కళాశాల ముంగిటివరకు పోవు పాదచారి, త్రోవపొడవున ఎన్ని నిఘా కెమేరాలలో తన రూపము నమోదగుచున్నదో లెక్కింపజాలడు. అపార్టుమెంటుల గేట్లమీదను, మందులకొట్ల గల్లాపెట్టెల పైనను, హాస్టళ్ల మెట్లమలుపులలోను, పరిశోధనాలయముల ప్రహరీల వెంబడిని అవి నేడు సర్వసామాన్యములైనవి. కెమేరాలను గూర్చియు, వాని మెగాపిక్సెళ్లను గూర్చియు కొనువారును అమ్మువారును గంటలకొలది మాటాడుదురు. కాని ఆ దృశ్యములన్నియు వచ్చి చేరు కంప్యూటరును గూర్చి, అందును తెరమీద బొమ్మను నిలుపు గ్రాఫిక్స్ కార్డును గూర్చి, బిల్లు వ్రాయు సమయమున తప్ప ప్రసంగము రాదు. వచ్చినను, "పెద్ద కార్డు వేయించండి సార్, ఇక చూసుకోనక్కరలేదు" అను మాటతో ముగిసిపోవును. ఆ మాటలో నిజమెంతయో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

అవిభక్త ఆంధ్రప్రదేశమున 2013లో వచ్చిన ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము, జనసమ్మర్దము గల వాణిజ్య, విద్యా, వైద్య, ధార్మిక స్థలములలో నిఘా కెమేరాలు నెలకొల్పవలెననియు, వాని దృశ్యములను 30 దినములు భద్రపరుపవలెననియు విధించినది. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమున ఆ చట్టము కొనసాగినది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన పోలీసు సమీకృత కమాండ్ కంట్రోలు కేంద్రమునందు గోడంత తెరలు వెలసినవి. అంత పెద్ద ఏర్పాటు మన విచారమునకు అవసరము లేదు. పదునారు కెమేరాలును, వాచ్‌మన్ గదిలో ఒక కంప్యూటరును గల సాధారణ నివాససముదాయమును ఉదాహరణముగా గ్రహింతము. ఇంతమాత్రమునకు దృశ్యములను నమోదుచేయు ఎన్వీఆర్ పెట్టె చాలునుగదా యని కొందరందురు; చాలును. అయినను వేర్వేరు కంపెనీల కెమేరాలను ఒక్కచోట చేర్చవలసినప్పుడును, రెండు మూడు తెరలు కావలసినప్పుడును, పాతబడిన భాగములను ఒక్కొక్కటిగా మార్చుకొనదలచినప్పుడును కంప్యూటరే అనుకూలమని దానిని కోరువారు తక్కువ కాదు.

మౌలాలి ప్రాంతమునకు ఎలక్ట్రానిక్సు విద్య క్రొత్తది కాదు. చేరువనే 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నేతృత్వమున వెలసిన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించినది. నలుపుతెలుపు ఈసీ టీవీలను అసంఖ్యాకములగు గృహములకు పంపినది. భద్రతాపరికరముల నిర్మాణమునను పేరొందినది. ఏ.ఎస్. రావు నగరు ఆ మహనీయుని పేరనే వెలసినది. కాని ఇండ్లకును దుకాణములకును కంప్యూటరుపై నిఘా వచ్చిన త్రోవ వేరు. అది సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లగుండ, డీవీఆర్ కార్డు అను రూపమున వచ్చినది.

ఇరువది యేండ్ల క్రిందటి ఆ పద్ధతిలో కెమేరానుండి కోయాక్సియల్ తీగ ద్వారా అనలాగ్ సంకేతము వచ్చి, కంప్యూటరు లోపల పీసీఐ స్లాటులో గ్రుచ్చిన డీవీఆర్ కార్డునకు చేరుచుండెను. ఆ కార్డు సంకేతమును అంకెలుగా మార్చి, ప్రాసెసరును శ్రమపెట్టక, బొమ్మను తిన్నగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలోనే వ్రాసివేయుచుండెను. మన దేశపు పాల్ పద్ధతిలో పూర్తి చిత్రము 720 బిందువుల వెడల్పును, 576 బిందువుల ఎత్తును గలది. బిందువునకు 2 బైట్లు చొప్పున ఒక్క చిత్రము 8,29,440 బైట్లు. సెకనుకు 25 చిత్రములు గనుక కెమేరాకు సుమారు 2 కోట్ల 7 లక్షల బైట్లు. నాటి పీసీఐ మార్గము సెకనుకు 13 కోట్ల 30 లక్షల బైట్లకు మించి మోయజాలదు. హార్డ్ డిస్కును నెట్‌వర్కును ఆ మార్గముననే పోవలెను. కావున ఆరు పూర్తి చిత్రములకే దారి క్రిక్కిరిసిపోవును. ఈ కారణముననే పదునారు కెమేరాలు కోరినవారికి 352కు 288 బిందువుల చిన్న చిత్రములే లభించెను. అవి పదునారును కలిసి 8 కోట్ల 11 లక్షల బైట్లు, దారికి మోయదగినవి.

అప్పటి గ్రాఫిక్స్ కార్డు ఎంపిక శక్తిని బట్టి కాక పొత్తును బట్టి జరిగెడిది. కెమేరా చిత్రము వెలుగును, రంగుల భేదములను వేరువేరుగా చెప్పును. తెరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము కావలెను. ఈ మార్పును, చిత్రమును కిటికీ పరిమాణమునకు సాగదీయుటను ఓవర్‌లే అను భాగము నిర్వహించెడిది. అది డీవీఆర్ కార్డుతో పొసగనిచో కిటికీ నల్లగా మిగిలిపోవును. అందుచేతనే అమరికపనివారు "ఈ చిప్పుకు పడదు, ఆ చిప్పు పెట్టండి" అని జాబితాలు కంఠస్థము చేసి చెప్పుచుండిరి. నేటి ఐపీ కెమేరాల కాలమున ఆ జాబితాలకు విలువ లేదు. కాని గ్రాఫిక్స్ కార్డే నిఘాకు ప్రాణమను నమ్మకము మాత్రము నాటినుండి నేటివరకు చెక్కుచెదరక నిలిచియున్నది.

ఐపీ కెమేరా తన చిత్రమును తానే సంపీడితము చేసి, నెట్‌వర్కు తీగపై పంపును. సంపీడనమనగా నేమి? కిరాణా వర్తకుడు ఉదయమున ఒకమారు సరకంతయు లెక్కవేసి పూర్తి నిల్వ వ్రాసికొని, ఆపై పొద్దంతయు అమ్మినదియు తెచ్చినదియు మాత్రమే చిట్టా కెక్కించునట్లు, కెమేరా ఒక సెకనుకో రెండు సెకన్లకో ఒక పూర్తి చిత్రమును పంపి, నడుమ చిత్రములలో మారిన భాగములను, అవి ఎటు జరిగినవను సంగతిని మాత్రమే పంపును. ఇందలి లాభము స్పష్టమే. చిక్కును అంతే స్పష్టము. మధ్యాహ్నపు నిల్వ తెలియవలెనన్నచో ఉదయమునుండి చిట్టాలోని ప్రతి పద్దును చూడవలసినట్లే, ఈ క్షణపు చిత్రము కావలెనన్నచో వెనుకటి పూర్తి చిత్రమునుండి ప్రతి మార్పును వరుసగా విప్పుకొని రావలెను. తెరమీద తపాలాబిళ్లంత కిటికీలో చూపుటకైనను, వచ్చిన చిత్రము పెద్దదైనచో పెద్దదానినే సమగ్రముగా విప్పి, తరువాత కుదించవలెను. సగము విప్పుట యనునది లేదు.

ఆ మారిన భాగములను చిన్న చిన్న గళ్లుగా ఖండించి, కంటికి ఆనని సూక్ష్మవివరములను విడిచిపెట్టుటకు వాడు గణితమునకు మూలము 1974లో ప్రకటితమైన డిస్క్రీట్ కొసైన్ రూపాంతరము. దానిని లోకమునకు తెలిపిన పరిశోధనపత్రమున బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్ అనువారితోపాటు మూడవవారు కామిశెట్టి రామమోహనరావుగారు. కె.ఆర్. రావు అను పేర ప్రసిద్ధులై, టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దములు బోధించి, 2021లో దివంగతులైన ఈ తెలుగు ఇంటిపేరు గల ఆచార్యుని గణితము, తగు మార్పులతో, 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణమునందును, 2013లో వెలువడిన హెచ్.265 ప్రమాణమునందును నేటికిని పనిచేయుచున్నది. మౌలాలి వాకిలిలోని కెమేరా రేయింబవళ్లు చేయు పని ఆ లెక్కయే.

ఇక అసలు విషయము. దృశ్యమును రికార్డు చేయుటకు దానిని విప్పవలసిన పని లేదు. కెమేరా కట్టిపంపిన మూటను కట్టినట్లే హార్డ్ డిస్కుపై పెట్టుట మాత్రమే రికార్డింగు. కెమేరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుచున్నదనుకొన్నచో దినమునకు 43.2 గిగాబైట్లు, పదునారింటికి 691 గిగాబైట్లు, చట్టము కోరు 30 దినములకు సుమారు 20.7 టెరాబైట్లు. ఇది పెద్ద మొత్తమే, కాని ఈ భారమంతయు డిస్కులది. రాత్రి రెండుగంటలవేళ తెర ఆర్పి వాచ్‌మన్ గేటువద్ద కూర్చుండినప్పుడు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు నిష్క్రియముగా నుండగనే పదునారు దృశ్యములును నిరాటంకముగా నమోదగుచుండును. ఎవరో ఒకరు తెర వెలిగించి చూచినప్పుడే దానికి పని పుట్టును. ఎన్ని కెమేరాలున్నవను ప్రశ్న డిస్కుల నడుగదగినది. ఎందరు, ఎన్ని తెరలపై, ఎన్ని కిటికీలు ఒక్కమారుగా చూతురను ప్రశ్నయే గ్రాఫిక్స్ కార్డు నడుగదగినది.

లెక్క చూతము. నాలుగు మెగాపిక్సెళ్ల కెమేరా చిత్రము 2560కి 1440, అనగా 36,86,400 బిందువులు. సెకనుకు 25 చిత్రములు గనుక 9 కోట్ల 21 లక్షల బిందువులు. పదునారు కెమేరాల పూర్తి చిత్రములను ఒక్కమారుగా తెరపై నిలిపినచో సెకనుకు 147 కోట్ల బిందువులను విప్పవలెను. కాని ఆ తెర ఎంతటిది? సామాన్యమైన ఫుల్ హెచ్‌డీ మానిటరున ఉన్నవి 20,73,600 బిందువులే. దానిని పదునారు కిటికీలుగా పంచినచో ఒక్కొక్కదానికి వచ్చునవి 1,29,600. అనగా విప్పిన ప్రతి ఇరువదెనిమిది బిందువులలో ఒక్కటి మాత్రమే కంటబడి, తక్కినవన్నియు వృథాగా విప్పబడి, వృథాగా పారవేయబడును.

ఈ వృథాశ్రమను తప్పించుటకే ప్రతి మంచి ఐపీ కెమేరాయు మెయిన్ స్ట్రీమ్‌తోపాటు సబ్ స్ట్రీమ్ అను చిన్న ప్రవాహమును కూడ పంపును. అది 640కి 360 బిందువులైనచో చిత్రమునకు 2,30,400. దానిని పదునారుతో గుణించిన వచ్చునది సరిగా 36,86,400: పదునారు సబ్ స్ట్రీములును కలిసి ఒక్క మెయిన్ స్ట్రీముతో సమానము! కావున కిటికీలన్నిటికిని సబ్ స్ట్రీమ్ అమర్చి, ఏదైన కిటికీని రెండుమార్లు నొక్కి పెద్దది చేసినప్పుడు మాత్రమే మెయిన్ స్ట్రీమ్ వచ్చునట్లు సాఫ్ట్‌వేరులో నిర్ణయించినచో, 147 కోట్ల భారము 9 కోట్లకు దిగును. అర్ధగంట సెట్టింగుల పనితో సాధ్యమగు ఈ లాభమును, దీనిని చేయక కొన్న ఏ ఖరీదైన కార్డును ఇయ్యజాలదు.

అయినను విప్పు పని చేయునది ఎవరు? గ్రాఫిక్స్ కార్డులో రెండు వేర్వేరు అంగములు కలవు. ఆటలలో కొండలను, సైనికులను చిత్రించు వేలకొలది గణకకోశములు ఒకటి; హెచ్.264, హెచ్.265 మూటలను విప్పుటకే ప్రత్యేకముగా నిర్మించిన చిన్న వీడియో ఇంజను మరియొకటి. కార్డుల వెల మొదటిదానిని బట్టి పెరుగును. నిఘాకు పనికివచ్చునది రెండవది. ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 30 శ్రేణిలో 3050 మొదలుకొని 3090 వరకు వెల ఎన్నోరెట్లు పెరిగినను, వీడియో విప్పు ఇంజను ఒకే తరమునకు చెందిన ఒక్కటియే. కార్డు పేరులోని అంకె పెద్దదైనంతమాత్రమున ఎక్కువ కెమేరాలు కనబడునను తలపు ఈ కారణముచేత నిలువదు. ఇంజను ఏ తరముదో, ఏ ప్రమాణములు దానికి తెలియునో విచారింపవలెను.

ఇంటెల్ ప్రాసెసర్ల లోపలనే గ్రాఫిక్సుతోపాటు అట్టి ఇంజను 2011నుండి క్విక్ సింక్ అను పేర వచ్చుచున్నది, హెచ్.265 విప్పుట 2015 నాటి ఆరవ తరమున దానికి అలవడినది, ఏడవ తరమున 10 బిట్ల రూపమునకును విస్తరించినది. ఆ పిమ్మటి తరములలో ఏ సాధారణ కోర్ ఐ5 ప్రాసెసరైనను మన పదునారు కిటికీల తెరకు విడి కార్డు అక్కరలేకయే చాలును. ఒక్క జాగ్రత్త: పేరు చివర ఎఫ్ అను అక్షరము గల ప్రాసెసర్లలో గ్రాఫిక్సు ఉండదు, కొంచెము చవుక యని దానిని కొన్నవారు తరువాత కార్డునకై అంతకు మించి వెచ్చింపవలసి వచ్చును. ప్రాసెసరులోని గ్రాఫిక్సు కంప్యూటరు ర్యామునే పంచుకొనును గనుక, 16 జీబీ ఒక్క కడ్డీగా కాక 8 జీబీ కడ్డీలు రెండుగా వేసినచో మార్గము రెండింతలై దృశ్యము సాఫీగా సాగును.

విడి కార్డు తీసికొనువారు అంగడిలో మొదట కనబడు చవుక కార్డులను పరీక్షించి చూడవలెను. జీటీ 710 అనునది హెచ్.264ను విప్పును గాని హెచ్.265 దానికి తెలియదు. క్రొత్త కెమేరాలు హెచ్.265 పంపగా ఆ భారము ప్రాసెసరుమీద పడి యంత్రము రొప్పును. జీటీ 1030కి రెండును తెలియును, విద్యుత్తు 30 వాట్లే. కాని అదే పేరుతో వేగము గల మెమరీతో ఒకటి, మందమైన మెమరీతో ఒకటి అంగట నున్నవి గనుక పెట్టెమీది అక్షరములు చదివి కొనవలెను. వేరొక చిక్కు కలదు: విడి కార్డు గ్రుచ్చినంతనే పెక్కు మదర్‌బోర్డులు ప్రాసెసరులోని గ్రాఫిక్సును తమంత తామే ఆపివేయును. మంచి ఇంజను నిద్రించుచు చవుక కార్డు శ్రమించుట ఇట్లు సంభవించును. బయోస్‌లో దానిని మరల తెరచుట మరువరాదు.

కార్డులో మెమరీ ఎంత వలయును? విప్పిన నాలుగు మెగాపిక్సెళ్ల చిత్రము సుమారు 55 లక్షల బైట్లు. ప్రతి ప్రవాహమునకు ఎనిమిది చిత్రములు నిలువయుంచినను పదునారింటికి సుమారు 71 కోట్ల బైట్లే. 2 జీబీ కార్డు చాలును. చిక్కు వేరొకచోట రావచ్చును: కొన్ని సాఫ్ట్‌వేర్లు విప్పిన చిత్రమును కదలిక పరీక్షకై తిరిగి ప్రాసెసరు వద్దకు తెచ్చును. పదునారు పూర్తి చిత్రములు అట్లు తిరిగి వచ్చిన సెకనుకు 2.2 గిగాబైట్ల రాకపోకలు. కెమేరాలు తమలోనే కదలికను పసిగట్టునట్లు అమర్చినచో ఈ ప్రయాసయే యుండదు.

పెద్ద కార్డు నిజముగా అవసరమగు సందర్భములు లేకపోలేదు. నాలుగైదు తెరలపై మెయిన్ స్ట్రీములను ఒక్కమారుగా చూడవలసిన నియంత్రణగదులు అట్టివి. మనిషిని, వాహనమును, నంబరు పలకను యంత్రమే గుర్తింపవలెనన్న కోరికయు అట్టిదే; న్యూరల్ నెట్‌వర్కుల లెక్కకు ఆటల గణకకోశములే ఉపయుక్తములు. అచ్చటను సెకనుకు నాలుగైదు చిత్రములు, అవియు కుదించినవి, పరీక్షించిన చాలునుగాని ఇరువదియైదును చూడనక్కరలేదు. ముఖములను గుర్తించు యంత్రముల విషయమున తెలంగాణ హైకోర్టుదాక వ్యాజ్యము వెళ్లిన సంగతి స్మరించి, కాలనీ సంఘములు అట్టి కోరికలకు పోవుటకు ముందు న్యాయమును కూడ విచారించుకొనుట యుచితము.

హైదరాబాదు వైశాఖజ్యేష్ఠముల ఎండయు, సందుల ధూళియు లెక్కలో చేరవలెను. 75 వాట్ల కార్డు నిర్విరామముగా ఆ శక్తితో నడచినచో ఏడాదికి 657 యూనిట్ల విద్యుత్తు. ఆ వేడి గదిలోనే యుండును. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ అంత త్వరగా అడుగంటును. చిన్న ఫ్యాను దుమ్ముపట్టి ఆగినచో కార్డు వేడెక్కి తెర ఆగిపోవును. ఫ్యాను లేని కార్డు, లేక కార్డే లేని యంత్రము, ఇట్టి గదులలో దీర్ఘాయువుగలది.

కొనుటకు ముందు పరీక్షించు మార్గము సులభము. విండోస్ టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ అను పుటలో జీపీయూను నొక్కిన, త్రీడీ, కాపీ, వీడియో డీకోడ్ అని వేరువేరు పటములు కనబడును. ఒక్క కెమేరా కిటికీని తెరచి వీడియో డీకోడ్ శాతమును చూడుడు; నాలుగు తెరచి మరల చూడుడు; పెరుగుదలను బట్టి పదునారింటికి ఎంతయగునో ఊహింపవచ్చును. కిటికీలు పెరుగుచున్నను ఆ గీత కదలక ప్రాసెసరు శాతము మాత్రము ఎగబ్రాకుచున్నచో, సాఫ్ట్‌వేరులో హార్డ్‌వేర్ డీకోడింగ్ అను మీట నొక్కబడలేదని గాని, కార్డునకు ఆ ప్రమాణము తెలియదని గాని గ్రహింపుడు. ఈ పరీక్ష రాత్రివేళను చేయవలెను. చీకటిలో కెమేరా పంపు చిత్రమున గింజలు పెరిగి మూట బరువగును.

ఇంతటితో కొనువాని క్రమము తేటపడుచున్నది. మొదట ఎందరు ఏ తెరలపై చూతురో నిర్ణయించుకొనుట. పిమ్మట కెమేరాల సబ్ స్ట్రీములను సరిదిద్దుట. ఆపై ప్రాసెసరులోని ఇంజనుతో టాస్క్ మేనేజరు పరీక్ష చేసి, అది నూటికి డెబ్బదికి మించిననే విడి కార్డును తలచుట. మిగిలిన ధనమును నిఘాకై తయారైన మంచి హార్డ్ డిస్కులమీదను, అదనముగా దాచుకొను ఒక పవర్ సప్లయి మీదను వెచ్చించుట మేలు. ఏలయన దొంగతనము జరిగిన మరునాడు విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు కోరునది ఆ రాత్రి రికార్డు, అది డిస్కుపై నిలిచియున్నచో ఏ పాత లాప్‌టాపు తెరమీదనైనను చూపవచ్చును.